ఫొటోలో పడవ ఏది?

ఒడిశా తీరాన మా ఊరు పొడంపేటలో పెద్దమ్మ పోయింది. బరంపురంలో టీ తాగుతుంటే అన్న, అంటే ఆమె కొడుకు, ఫోన్ చేసి చెప్పాడు. గ్లాసు కింద పెట్టేలోపే నేను వార్తలు పంపే పత్రిక ఆఫీసు నుంచి ఇంకో ఫోన్. "తుపాను ఏడుపు ముసలమ్మ పోయిందటగా? పాత ఫొటో మా దగ్గరుంది. నాలుగు లైన్లు పంపు చాలు."

ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలి? ఆ ఫొటో తీసింది నేనే.

మా ఊళ్లో పడవలు తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున ఒకరు నిలబడాలి. పడవలో వాళ్లకి అలల వరస తెలియదు, ఒడ్డునున్న వాళ్లకి తెలుస్తుంది. చేయి పైకెత్తితే ఆగమని, దించితే రమ్మని. పెదనాన్న పోయాక ఆ పని పెద్దమ్మదే. కొన్నేళ్ల కిందట పెద్ద తుపానొచ్చి వెలిసిన నాలుగో నాడు, కూలిన తన ఇంటి గోడ ముందు నిలబడి చేయెత్తి, గొంతు చించుకుని అరుస్తోంది. ఉప్పుగాలికి కళ్ల వెంట నీళ్లు. ఫొటోలో ఒక మూల అన్న పడవ కూడా ఉంది. ఆఫీసులో ఆ మూల కోసేసి, కింద "సర్వం కోల్పోయి రోదిస్తున్న వృద్ధురాలు" అని రాశారు.

పేపరు పట్టుకెళ్లి గొప్పగా చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

"బొమ్మ బాగుంది గానీ, పడవేదిరా?"

"ఆఫీసులో కోసేశారు పెద్దమ్మా."

"ఓలమ్మో! నా కొడుకుని కోసీసి నన్ను ఏడిపించినారా?"

నవ్వింది. నవ్వి ఊరుకునే మనిషి కాదు. తర్వాత నేనెప్పుడు వెళ్లినా చేపముక్క కంచంలో వేస్తూ "పడవ దొరికిందేట్రా?" అని దెప్పేది.

ఏ తుపానొచ్చినా, అది మా వైపు రాకపోయినా, అదే ఫొటో వేసేవారు. బరంపురంలో నన్ను "మీ ఊరు ఇంకా ఉందా?" అని అడిగేవారు. సముద్రం ముందుకొచ్చి సగం ఊరు కొత్త ఇళ్లకి తరలిపోయిన మాట నిజం. మిగతా సగం సంగతి ఎవరూ అడగలేదు. చివరికి అన్నకి కుదిరిన దిగపహండి సంబంధం కూడా తప్పిపోబోయింది. సముద్రం మింగేసిన ఊరికి పిల్లనెలా ఇస్తామన్నారు.

పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. దిగపహండి బస్సెక్కి వెళ్లి, పిల్లనీ తండ్రినీ వెంటబెట్టుకొచ్చి ఒడ్డున నిలబెట్టింది.

"పేపర్లో సూసినారు కదా, ఇప్పుడు కళ్లతో సూడండి. పడవొస్తాది. ఆ పడవలో ఉన్నోడే మీ అల్లుడు."

పడవొచ్చింది. పెళ్లయింది.

ఆ పెళ్లిలో పెద్దమ్మ నాతో అన్న మాట మరిచిపోలేను. "ఇల్లు కూలిందని రాయి, నిజమే కదా. మేం కూలిపోనామని రాయకు. నువ్వు ఈ ఊరోడివి, నీకు తెల్దేటి?"

తెలుసు పెద్దమ్మా. తెలిసే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, సిగ్గు లేక.

ఈసారి మొత్తం ఫొటో పంపాను. "పడవ కనబడితే ఏడుపు పలచబడుతుందయ్యా," అన్నారు ఆఫీసులో. మర్నాడు మళ్లీ కోసిన ఫొటోనే వచ్చింది. ఫోన్ చేసి, ఇకమీదట పడవని కోస్తే నా పేరు కూడా కోసేయండని చెప్పేశాను. ఏమవుతుందో చూద్దాం. కోయని ఫొటోని బరంపురంలో నిలువెత్తు ఫ్లెక్సీ వేయించి ఊరికి తీసుకెళ్లాను.

రోడ్డు మీద కడదామన్నాడు అన్న. కార్లలో వచ్చే ఖబరోళ్లకి, అంటే మా పేపర్ల వాళ్లకి, కనబడుతుందని.

"వద్దు, ఒడ్డున కడదాం. మొహం సముద్రం వైపు," అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాటి పొద్దున అన్న మళ్లీ వేటకెళ్లి తిరిగొచ్చాడు. అలల అవతల పడవ ఆగింది. ఫ్లెక్సీలో పెద్దమ్మ చేయెత్తే ఉంది. ఆ పక్కన దిగపహండి వదిన నిలబడి, తనూ చేయెత్తి, వరసగా వచ్చిన మూడు పెద్ద అలలూ విరిగిపోయేదాకా చూసింది. అప్పుడు చేయి దించి, గొంతు చించుకుని అరిచింది.

"రా!"