ఏసీ గది గుమ్మం

ఆ గది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల చివర్లో రోజూ నందిగామలో బస్సెక్కి, జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. టెంపరరీ ఉద్యోగం. ఆఫీసులో రెండు కంప్యూటర్లుండేవి. హాల్లో ఉన్నదాంట్లో డాస్. ఫ్లాపీ పెట్టి ఒక్క ముక్క టైపు చేస్తే, టీ తాగి వచ్చేలోపు సాఫ్ట్‌వేర్ ఎక్కిపోయేది. మొరాయిస్తే స్విచ్చి కట్టేసి మళ్ళీ వేసేవాళ్ళం. ఏసీ గదిలోది యునిక్స్. దాంట్లో ఏదైనా ఎక్కించాలంటే వరుస తప్పకుండా కమాండ్లివ్వాలి, ఆపాలన్నా పద్ధతిగా ఆపాలి. అదంతా నాకొక్కదానికే వచ్చు.

మా మేనేజరు ఆ గదిని దేవుడి గది చేసిపెట్టాడు. చెప్పులు బయట, మెషీనుకు కుంకుమ బొట్టు, శుక్రవారం కొబ్బరికాయ.

హైదరాబాదు నుంచి జీతాల సాఫ్ట్‌వేర్ టేపు వచ్చింది. "ఇది ఎక్కి నడిచిందంటే నిన్ను పర్మనెంట్ చేయిస్తానమ్మా" అన్నాడు. ఎక్కించే రోజు ముందు పూజ చేసి ప్రసాదం పెట్టబోయాడు. ఇంట్లో అలవాటు కొద్దీ "ఇవాళ వద్దండి" అన్నాను. ఆయనకు అర్థమైపోయింది.

"అయితే లోపలికి రాకమ్మా. గుమ్మం దగ్గర నిలబడి చెప్పు, నేను కొడతా."

చెప్పాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. టేపు తిరగడం మొదలైంది. కాసేపటికి తెర మీద కదలిక లేదు.

"ఇరుక్కుపోయినట్టుందే" అంటూ స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఆపకండి సార్! అది డాస్ కాదు, లోపల పని జరుగుతోంది!" అని అరిచాను.

కట్టేశాడు. మళ్ళీ వేస్తే మెషీను లేవలేదు.

"మైల మనిషి గుమ్మంలో నిలబడితే ఇంకెట్టా ఎక్కుద్ది?" అన్నాడు, హాలంతా వినేలా. స్విచ్చి కట్టింది ఆయన చెయ్యి, తప్పు మాత్రం నా ఒంటిదట! పర్మనెంట్ మాట మళ్ళీ ఎత్తలేదు. నందిగామ దాకా బస్సులో పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. ఆయన మీద ఎంత కోపమో, నోరు తెరిచి నిజం బయటపెట్టుకున్న నా మీదా అంతే.

హైదరాబాదు ఇంజనీరు వచ్చి మెషీనును బాగుచేశాడు, టేపు ఎక్కించే పని మాకే వదిలి వెళ్ళాడు. నెల తిరిగాక మేనేజరు మంచి రోజు చూసి మళ్ళీ పూజ చేశాడు. చక్రపొంగలి నా చేతిలో పెట్టబోతూ మొహంలోకి చూశాడు.

"ఇవాళ ఇబ్బందేం లేదుగా అమ్మా?"

"లేదండీ" అని ఆయన ఎదురుగానే తిని, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి మెషీను ముందు కూర్చున్నాను. సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ ఎక్కింది. జీతాల స్లిప్పులు అచ్చయ్యాయి.

"చూశావామ్మా, మడిగా ఉంటే మెషీను ఎట్టా మాట వింటుందో! ఈ నెల్లోనే నీ పర్మనెంట్ సంగతి చూస్తా" అని మురిసిపోయాడు.

ఆ రోజు నాకు రెండో రోజు.