రాణిగారి మెడల్స్‌కి పెట్టిన పసుపు

అమెరికాలో, మా అబ్బాయి వాళ్లుండే కమ్మింగ్‌ ఊళ్లో మా పక్కింటావిడ నా ఈడుదే, ఒంటరిగా ఉంటుంది. నాకొచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, చేతి సైగలతో కంచె దగ్గర మాకు రోజూ కబుర్లు నడుస్తాయి. మొన్న దసరా వారంలో ఆవిడ ఒక చెక్క పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో ఐదు వెండి మెడల్స్. ఆవిడ ముత్తాతవట. ఆయన విక్టోరియా రాణిగారి కాలంలో ఇంగ్లండు సైన్యంలో ఆఫీసరు. ఆవిడ మనవడు ఈ మధ్యనే ఇక్కడి సైన్యంలో ఆఫీసరయ్యాడు. ఆదివారం వస్తున్నాడు, పెట్టె అతని చేతిలో పెట్టాలి. మెడల్స్ వేలాడే రిబ్బన్లకు మాత్రం కుట్లు ఊడిపోయాయి. బయట కుట్టడానికి ఎంత అడిగారో ఆవిడ చెబితే నాకు కళ్లు తిరిగాయి.

"జానెడు గుడ్డ కుట్టడానికి అంతా? ఇటు ఇవ్వు," అన్నాను.

కాలేజీలో చదివే మా మనవరాలు గాబరాపడింది. "నానమ్మా, అవి యాంటీక్స్. పాడైతే?"

"మీ నాన్న లాగూలన్నీ ఈ చేతులు కుట్టినవే. ఒక్కటి చిరిగిందేమో అడుగు."

పాత సూది రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి, కొత్త చిల్లు పడకుండా కుట్టాను. ప్రతి బిళ్లకూ ఒక వైపు రాణిగారి ముఖమే. రెండో వైపు మాత్రం వేరు వేరు బొమ్మలు. ఒకదాని మీద ఫిరంగి మోస్తున్న ఏనుగుంది. ఏనుగు కనబడేసరికి అయినవాళ్లు కనబడినట్టనిపించింది.

కుట్టడం పూర్తయిన మర్నాడే ఆయుధ పూజ. ఆ రోజు మా ఇంట్లో కార్లకు, కత్తిపీటకు, కుట్టు మిషనుకు, మా అబ్బాయి లాప్‌టాప్‌కు కూడా బొట్టు పెడతాను. మెడల్స్ మిషను మీదే ఉన్నాయి. సైన్యంలో పనిచేసినవాడి వస్తువులను ఆయుధ పూజ నాడు పక్కన పడేస్తే ఎలా? తడి పసుపు, కుంకుమ అద్ది, తలా ఒక పువ్వు పెట్టి, హారతిచ్చి దండం పెట్టుకున్నాను.

పసుపు కొంచెం పలచనైంది. ఐదింటిలో ఒకదాని రిబ్బన్ తెల్లది, రెండు ఎర్ర చారలున్నది. ఆ తెలుపులోకి పసుపు దిగిపోయింది.

"ఓ మై గాడ్, నానమ్మా! టర్మరిక్ పెట్టేశావా?" మనవరాలు తల పట్టుకుంది. అలాంటి రిబ్బన్ ఇంకోటి దొరుకుతుందేమోనని ఫోన్‌లో వెతకసాగింది. రంగులను బట్టి ఏ మెడల్ దేనికిచ్చారో కూడా అందులో ఉందట. చదివి చెప్పమన్నాను.

"ఈ లైట్ బ్లూ ఫస్ట్ది. క్రిమియా. రష్యాతో వార్. అప్పుడు అతను నా ఏజ్ ఉంటాడు."

"పాపం, పెళ్లి కూడా అయ్యుండదు."

"ఈ రెడ్‌ది చైనా. అక్కడ ఎంపరర్ ప్యాలెస్ బర్న్ చేశారు. ఏనుగుది ఆఫ్ఘనిస్తాన్. లాస్ట్ది ఈజిప్ట్."

"మచ్చపడింది వదిలేశావే?"

పిల్ల ఆ బిళ్ల చేతిలోకి తీసుకుంది. "అది సెకండ్ది. ఇండియా. ఎయిటీన్ ఫిఫ్టీ సెవెన్. పైన ఈ చిన్న పట్టీ మీద లక్నో అని ఉంది."

నేను చదివింది మూడో తరగతే. అయినా సిపాయిల తిరుగుబాటు తెలియనిదాన్ని కాను. మనవాళ్లను ఫిరంగి మూతికి కట్టి పేల్చారని మా పంతులుగారు చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు.

"మనవాళ్లను చంపినందుకా ఇది?"

"టెక్నికల్లీ, అక్కడ ఫైట్ చేసినవాళ్లందరికీ ఇచ్చారు, నానమ్మా."

"టెక్నికల్లీ నాకొద్దు. అవునా, కాదా?"

"అవును."

నా వేలికింకా కుంకుమ ఉంది. కొంగుకు తుడిచేసుకున్నాను. దీనికా నేను హారతిచ్చింది? మిగతావాటినీ మళ్లీ చూశాను. రష్యా, చైనా, ఆఫ్ఘనిస్తాన్, ఈజిప్టు. ఐదింటిలో సొంత ఊరిని కాపాడుకున్నందుకు ఇచ్చింది ఒక్కటీ లేదు. మనిషి బతుకంతా ఇంకొకరి గుమ్మాలు తొక్కడంతోనే సరిపోయింది. ఏనుగును చూసి మురిసినందుకు ఒళ్లు మండింది.

"రిబ్బన్ ఆన్‌లైన్‌లో చీపే. ఆర్డర్ చేస్తా. పక్కింటి ఆంటీకి తెలీదు," అంది పిల్ల.

"తెలియకుండా మార్చడమేమిటి? నడు."

పక్కింటావిడ పెట్టె తెరిచి, మచ్చ చూసి బిత్తరపోయింది.

"టర్మరిక్. గాడ్. రెస్పెక్ట్," అన్నాను. తరువాత మనవరాలి వైపు తిరిగి, "కొత్త రిబ్బన్ నేనే కొని కుడతానని చెప్పు. సంగతి తెలిసుంటే ఆ బిళ్లకు బొట్టు పెట్టేదాన్ని కాదని కూడా చెప్పు."

"నానమ్మా, రూడ్‌గా ఉంటుంది."

"ఉండనీ. మెత్తగా మార్చి చెప్పావంటే ఊరుకోను."

పిల్ల చెప్పింది. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. ముత్తాత అక్కడ ఆడవాళ్లనూ పిల్లలనూ కాపాడాడని వాళ్లింట్లో చెప్పుకునేవారట.

"ఎవరి నుంచి కాపాడాడట?" అని అడిగించాను.

ఆవిడ రిబ్బన్‌ను వేళ్లతో నలిపింది. "అది నేనెప్పుడూ అడగలేదు," అంది. ఆ మెడల్ తీసి నా చేతిలో పెట్టబోయింది. నన్నే ఉంచుకోమంది.

వెండి వస్తువు, ఊరికే ఇస్తానంటే వద్దన్నది నా జన్మలో అదొక్కసారే. "నాకెందుకు? మీ మనవడికే ఇవ్వు. రేపు ఎక్కడికో యుద్ధానికి పంపేది అతన్నే కదా. ఇదెక్కడిదో, ఎందుకిచ్చారో చెప్పి మరీ ఇవ్వు," అన్నాను. ఈసారి పిల్ల ఎదురు చెప్పకుండా తర్జుమా చేసింది. కొత్త రిబ్బన్ మాత్రం ఆవిడ వద్దంది, ఆ మచ్చను అలాగే ఉండనిమ్మంది.

ఆదివారం అతను వచ్చాడు, పొడుగ్గా, నవ్వుతూ. వాళ్లు వరండాలో కూర్చున్నారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ ఒక్కొక్క మెడల్ చూపిస్తూ రెండోదాని దగ్గర ఆగింది. అక్కడ చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. అతను నవ్వు మానేసి, వంగి ఆవిడను ఏదో అడిగాడు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.