జూలూరుపాడు రేడియోలో ఆగిపోయిన గొంతు

జానీ మియాకు జూలూరుపాడు సెంటర్లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. రేడియోలు పోయి టేప్‌రికార్డర్లు, అవి పోయి టీవీలు, తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ప్రతిసారీ కొత్త పని నేర్చుకున్నాడు. పని చేతికొచ్చేసరికి ఆ వస్తువును బాగుచేయించుకునేవాళ్లే తగ్గిపోయేవారు. యాభై దాటాక, ఊరి చివర ఒక ట్రస్టు వాళ్లు చిన్న రేడియో స్టేషన్ పెట్టి, మెషీన్లు చూసుకునే మనిషి కావాలంటే వెళ్లి చేరాడు. అక్కడి కంప్యూటర్‌లో ఉన్నది అతనెప్పుడూ చూడని లైనక్స్ సిస్టమ్. ఇది కూడా నేర్చుకోవాలా అని ఇంటికొచ్చి భార్య జహీదా దగ్గర విసుక్కున్నాడు. విసుక్కుంటూనే నేర్చుకున్నాడు.

ఆ స్టేషన్ చుట్టుపక్కల తండాలకు, అడవి అంచు గూడేలకు వినిపిస్తుంది. లంబాడీ భాషలో కార్యక్రమాలు చేసేది పూలి. ఆ వానాకాలం ఆమె ఒక పని తలపెట్టింది. తన తండాలో లాలి అనే పెద్దావిడ ఉంది. జీవితమంతా కాన్పులు చేసిన మనిషి. ఏ నొప్పికి ఇంట్లో ఆగొచ్చు, ఏది కనబడితే వాగు పొంగకముందే దవాఖానాకు బయలుదేరాలి అన్న సంగతులు ఆమె నోటనే చెప్పించాలనుకుంది.

"నర్సమ్మ చెప్తే తలూపుతరు చిచ్చా. లాలి యాడి చెప్తే వింటరు" అంది జానీ మియాతో. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

లాలి బస్సెక్కి వచ్చింది. మైకు ఒక చిన్న సౌండ్ బాక్స్‌కు, ఆ బాక్స్ యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపి ఉన్నాయి. ఆమె మాట్లాడడం మొదలుపెట్టిన కాసేపటికి రికార్డింగ్ ఆగి, తెరమీద కదిలే గీత నిలిచిపోయింది. జానీ మియా కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. లాలి మొదటినుంచి చెప్పింది. మళ్లీ ఆగింది. ఇంకోసారి కూడా అంతే అయింది. లాలి చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"నా మాట మీ డబ్బకు నచ్చుతలేదు."

"ఇంకొక్కసారి కూసో యాడీ" అంది పూలి.

"చెప్పిందే చెప్తుంటే నాకే అబద్ధం లెక్క అనిపిస్తున్నది బిడ్డా. నేను పోత, బస్సొస్తది."

స్టేషన్ బాధ్యత చూసే ఉదయ్ భాస్కర్ భద్రాచలంలో ఉంటాడు. జానీ మియా ఆయనకు ఫోన్ చేశాడు.

"కేబుల్ మార్చి చూడు జానీ భాయ్."

"మార్చిన సార్. బాక్స్ గూడ మార్చిన. గట్లనే ఆగుతున్నది."

"అయితే మైకు లాగొద్దని పూలికి చెప్పు. ఆమె లాగబట్టే ఆగుతుంటది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పూలి విని బయటికి వెళ్లిపోయింది. వరండాలో చాలాసేపు వాన చూస్తూ నిలబడింది. ఆ మాట తనను అన్నట్టే తగిలింది జానీ మియాకు. కానీ ఎదురు చెప్పడానికి చేతిలో రుజువేమీ లేదు.

మర్నాడు అతను ఖాళీ గదిలో రికార్డింగ్ నడుస్తుండగా వదిలేసి, పక్క విండోలో సిస్టమ్ రాసుకునే మెసేజ్‌లు తెరిచి కూర్చున్నాడు. కళ్లు మూతలు పడుతుండగా తెరమీద కొత్త వాక్యాలు పడ్డాయి. ఫలానా ఇంటరప్ట్‌ను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆ లైన్ మూసేస్తున్నానని వాటి అర్థం. అప్పుడే గీత నిలిచిపోయింది.

పూలిని పిలిచి చూపించాడు.

"ఏందిది చిచ్చా?"

"పని పడ్డప్పుడు లోపలి ప్రతి భాగం ప్రాసెసర్‌ను పిలుస్తది. ఆ పిలుపే ఇంటరప్ట్. ఒక్క లైన్ మీద రెండు మూడు భాగాలు ఉంటయి. ఈ లైన్ల ఏదో ఊకె పిలుస్తున్నది. ఎవరు పిలిచిండ్రంటే ఒక్కటి గూడ నేనే అంటలేదు. సిస్టం ఓపిక పట్టీ పట్టీ లైనే కోసేసింది. మన సౌండ్ బాక్స్ నడిచే యూఎస్‌బీ కంట్రోలర్ గూడ అదే లైన్ మీద ఉన్నది."

"అంటే మైకుది కాదా?"

"మైకుది కాదు. నీది గూడ కాదు."

 పూలి వెళ్లి టీ తెచ్చి అతని పక్కన పెట్టింది.

కారణం తెలిసింది గానీ ఊరికే పిలుస్తున్న ఆ దొంగ భాగం దొరకలేదు. పిలుపు కోసం చూడకుండా సిస్టమే భాగాలన్నిటినీ వరసగా అడుగుతూ ఉండేలా ఒక సెట్టింగ్ పెట్టి చూశాడు. గొంతు ఆగలేదు, కానీ పోపు గింజల్లా చిటపటలాడింది. అది తీసేశాడు. వైఫై కార్డు మీద అనుమానం వచ్చి విప్పాడు. అది వేరే లైన్ మీద ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజంతా వృథా. నడుం పట్టేసి నేలమీద గోడకానుకుని కూర్చున్నాడు. ఈ వయసులో ఇంకెన్ని నేర్చుకోవాలి అనిపించింది. జహీదా కట్టిచ్చిన టిఫిన్ తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

మరునాడు ఏ లైన్‌లో ఎన్ని పిలుపులు వచ్చాయో సిస్టమ్ చూపించే పట్టిక తెరిచాడు. సౌండ్ బాక్స్ పీకేసి చూసినా ఆ లైన్ లెక్క పరుగెడుతూనే ఉంది. కంప్యూటర్ ఆపి, క్యాబినెట్ విప్పి టార్చి వేశాడు. అడుగున పాత ట్యూనర్ కార్డు ఒకటి కనబడింది. స్టేషన్ ప్రసారాన్ని ఇక్కడే వినడానికి ఎప్పుడో పెట్టి వదిలేసినది. దాన్ని వాడేవాళ్లు లేరు, దాని తరఫున జవాబిచ్చే డ్రైవర్ ప్రోగ్రామ్ కూడా సిస్టమ్‌లో లేదు. వానాకాలపు చెమ్మకు అంచులు పచ్చగా చిలుముపట్టాయి. దాన్ని లాగేసి కంప్యూటర్ పెట్టాడు. లెక్క కుదురుకుంది. సాయంత్రం దాకా రికార్డింగ్ ఆగలేదు. జానీ మియాకు సంతోషం కలగలేదు, నిద్ర ముంచుకొచ్చింది.

"ఓ, కార్డా? సరేలే" అన్నాడు ఉదయ్ భాస్కర్ ఫోన్లో. పూలి మాట ఎత్తలేదు.

జానీ మియా ఊరుకోలేదు. "పూలి తప్పేం లేదు సార్" అన్నాడు.

"అవ్, అవ్. ఆమెకు చెప్పు."

"మీరే చెప్పండి సార్" అని ఫోన్ పూలి చేతికిచ్చి బయటికి వచ్చేశాడు.

జానీ మియా, పూలి బండిమీద తండాకు వెళ్లేసరికి లాలి పత్తి చేలో కలుపు తీస్తోంది. నడుం ఎత్తకుండానే అడిగింది.

"మళ్ల ఆగుతదా మియా?"

"ఆగదనే అనుకుంటున్న. ఆగితే మాత్రం నిన్ను మళ్ల అడగ."

లాలి ఇంకో రెండు మొక్కలు పీకింది. "కలుపు అయినంక వస్త" అంది.

అన్నట్టే వచ్చింది. ఈసారి పూలి అడిగినవాటితో మొదలుపెట్టలేదు. జానీ మియాకు లంబాడీ భాష అక్కడక్కడే తెలుస్తుంది. మెసేజ్‌ల తెర చూస్తూ మూలన కుర్చీలో కూర్చున్నాడు. ఎంతసేపటికీ కొత్త వాక్యం పడలేదు. ఆ గొంతు సాగుతూ ఉండగానే అతనికి కునుకు పట్టింది.

పూలి భుజం తట్టింది. ఉలిక్కిపడి లేచాడు.

"ఆగిందా?"

"ఆగలే చిచ్చా. యాడియే ఆపింది." పూలి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక ఏడాది కాన్పు నొప్పులు పడుతున్న పిల్ల దగ్గర యాడి ఉంటే వాగు పొంగిందంట. తెల్లారినంక పోదాంలే అన్నదంట. ఆ పిల్ల తెల్లారెదాక బతకలే. ఇప్పటిదాక ఎవలకు చెప్పలేదంట."

లాలి బయట నల్లా దగ్గర ముఖం కడుక్కుంటోంది. జానీ మియా ఆమెను బస్టాండుకు తీసుకెళ్లాడు. బస్సు ఆలస్యమైంది. సన్నగా వాన పడుతోంది. షెల్టర్ కింద బెంచీమీద కూర్చున్నారు. ఇద్దరూ బాగా అలసిపోయి ఉన్నారు.