పెరట్లో యెజ్డీ బండి

రబ్బానీ కువైట్ వదిలి పూర్తిగా ఇంటికి వచ్చేసిన రోజు, వేంపల్లెలో అతని ఇంటి ముందు గదిలో ఆడవాళ్లు జాకెట్ల కొలతలు ఇస్తున్నారు. రెండు చేతుల్లో రెండు పెట్టెలతో అతను గడప దగ్గరే ఆగిపోయాడు. భార్య నబీసా మెడలో టేపుతో బయటికి వచ్చి, "పక్క సందులోంచి రా. పెట్టెలు లోపలింట్లో పెట్టు, వస్తా," అంది. నవ్వుతూనే అంది. కానీ సొంత ఇంట్లోకి సందులోంచి వెళ్లడం రబ్బానీకి అదే మొదటిసారి.

పెళ్లైన రెండేళ్లకే అతను కువైట్ వెళ్లాడు. అప్పటికి కూతురు శిరీన్ ఒడిలో పిల్ల. అక్కడ ఒక ముసలాయన దగ్గర పద్దెనిమిదేళ్లు కారు తోలాడు. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు మీద వచ్చేవాడు. ఆ నెలంతా నబీసా మిషను మూసిపెట్టేది, చుట్టాలొచ్చేవాళ్లు, రోజూ పండుగలా ఉండేది. తాను లేని రోజుల్లో ఇల్లు ఎలా నడుస్తుందో అతనెప్పుడూ చూడలేదు. ముసలాయన పోయాక కొడుకులు కారు అమ్మేసి, రబ్బానీకి టికెట్ తీసిచ్చి పంపేశారు.

ఇన్నేళ్లలో నబీసా ఒక్క మిషనుతో మొదలుపెట్టి, ఇద్దరు ఆడవాళ్లను పనిలో పెట్టుకునే దాకా వచ్చింది. పెళ్లి జాకెట్లంటే చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. శిరీన్ డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో కడపకు పోయి వచ్చేది. ఇద్దరికీ తెల్లవారితే క్షణం తీరేది కాదు.

వచ్చిన కొత్తలో చుట్టాలు చూసిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ముసలాయనను తెల్లవారుజామున మసీదుకు తీసుకెళ్లే అలవాటు కొద్దీ రబ్బానీకి చీకటితోనే మెలకువ వచ్చేది. వంటింట్లో చక్కెర డబ్బా ఏదో తెలియక, తల్లీకూతుళ్లు లేచేదాకా టీ లేకుండా కూర్చునేవాడు. శిరీన్ తయారై వచ్చి, "తిన్నావా నాయనా?" అని అడిగేది. "తింటాలేమ్మా," అనేవాడు. బస్సుకు వేళయ్యేది. పగలు ముందు గదిలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటే, ఒకరోజు నబీసా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "కాసేపు ఎనక్కు పోయి కూచోరాదా? కొలతలిచ్చేదానికి ఆడోళ్లు ఇబ్బంది పడతాండారు," అంది. అందులో తప్పేమీ లేదు. కుర్చీ ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాడు. ఇక అక్కడే కూర్చోవడం మొదలైంది.

కువైట్ వెళ్లకముందు అతను హుస్సేన్ సాహెబ్ అనే ఉస్తాద్ దగ్గర మెకానిక్. ఆ రోజుల్లో అతనికి నీలం రంగు యెజ్డీ బండి ఉండేది. ప్రయాణం కుదరగానే దాన్ని బత్తాయి తోట రైతు శేషన్నకు అమ్మేశాడు. ఒకరోజు టీ అంగడి దగ్గర శేషన్నే ఎదురుపడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు.

"శేషన్నా, నా యెజ్డీ ఏం జేస్తివి?"

"ఉండాదప్పా. తోటలో మోటారు రూములో పడుండాది. నడిచి శానా ఏండ్లాయ. పాత ఇనుమోనికి ఏసేద్దామనుకుంటాంటి."

"ఏయొద్దన్నా. నేనొచ్చి సూస్తా."

ఆ సాయంత్రమే వెళ్లాడు. ముందు చక్రం లేదు. ట్యాంకు తుప్పు పట్టి చిల్లులు పడింది. సీటు స్పాంజి ఎలుకలు కొరికేశాయి. శేషన్న కొడుకు ఎప్పుడో కల్వర్టుకు గుద్దడంతో హ్యాండిల్ కింద ఛాసిస్ ఒంగిపోయి ఉంది. ఒక కోడి రెండు సైలెన్సర్ల మధ్య గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. రబ్బానీ కిక్ రాడ్డు మీద కాలేసి తొక్కి చూశాడు. రాయిలా బిగుసుకుపోయింది.

"ఎంతియ్యల్లన్నా?"

"ఊరికే తీస్కపో. కోడికి ఇంకో జాగా సూపిస్తాలే," అన్నాడు శేషన్న.

ట్రాలీ ఆటోలో బండి సందులోకి దిగింది. నబీసా బయటికొచ్చి చూసింది.

"ఇదేంది?"

"మన బండే. గుర్తులేదా?"

కాసేపు చూసింది. "దీనికి నీలం రంగుండె కదా."

"ఉండె."

"సరే, ఎనక పెట్టుకో. నూనె చేతుల్తో గుడ్డలు మాత్రం ముట్టుకోవద్దు."

అతను పెరట్లో వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి, బండిని విప్పడం మొదలుపెట్టాడు. ఇంజిన్ కదలకపోతే ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి డీజిల్ పోసి నానబెట్టాడు. రోజూ పొద్దున లేవగానే చెక్కముక్క పెట్టి మెల్లగా కొట్టి చూసేవాడు. ఒకరోజు పిస్టన్ వెంట్రుకవాసి జరిగింది. ఆ మాట ఎవరికైనా చెబుదామని ఇంట్లోకి వెళ్లాడు. ముందు గదిలో మూడు మిషన్లూ ఒక్కసారే గరగరమంటున్నాయి. మళ్లీ పెరట్లోకి వచ్చేశాడు.

ఒంగిన ఛాసిస్‌ను వెల్డింగ్ షాపులో కాల్చి సరిచేయించాడు. దారం కట్టి సూటిగా ఉందో లేదో చూసుకున్నాడు. పాత రంగంతా ఉప్పుకాగితంతో గీకి తీయడానికి చాలా రోజులు పట్టింది. స్టీరింగు చేతిలో పట్టుకుని పట్టుకుని మెత్తబడిన అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసిన పనికి ఇప్పుడు ఆలోచించాల్సి వచ్చేది. ఏ నట్టు ఎటు తిప్పాలో తడుముకునేవాడు.

బేరింగులూ ఆయిల్ సీళ్లూ కడపలో దొరకలేదు. శిరీన్‌ను అడిగాడు. ఆమె అన్నం తింటూనే ఎడమచేత్తో ఫోనులో వెతికి, "ఇదేనా నాయనా?" అని చూపించింది. అవునన్నాడు. "బుధవారం వస్తాది," అంది. ఆ సీలు దేనికి వేస్తారో, అది పాతబడితే ఇంజిన్ ఎందుకు గాలి పీలుస్తుందో చెప్పాలనుకుని మాట తీశాడు. ఆ పిల్ల మర్యాదగా తల ఊపుతూ విన్నది. రెండో ముద్దకే చూపు ఫోనులోకి జారింది. అతను చెప్పడం ఆపాడు. ఆపినట్టు ఆమెకు తెలియలేదు.

అతని సంగతులు వినేవాడు ఒక్కడే ఉన్నాడు, ఏసేపు. సిద్ధవటం మనిషి. కువైట్‌లో ఒకే గదిలో రబ్బానీ మంచానికి పై మంచం అతనిది. ఇంకా అక్కడే ఉన్నాడు. శుక్రవారం సెలవు కాబట్టి ఆరోజు వీడియో కాల్ చేసేవాడు. రబ్బానీ ఫోను తిప్పి ఇంజిన్ చూపిస్తే, గదిలో మిగతావాళ్లు కూడా తొంగిచూసేవాళ్లు. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ రబ్బానీ ఇంటికి పోవాలని కలవరించేవాడు. ఇప్పుడు ఫోనులో ఆ ఇనుప మంచాలు, ఆరేసిన బట్టలు, ఎవరో వేస్తున్న చేపల వేపుడు చూస్తుంటే ఫోను పెట్టేయబుద్ధయ్యేది కాదు.

కడప లేత్ షాపులో సిలిండర్‌కు లోపలి వైపు నున్నగా కోయించి కొత్తగా బోరు కొట్టించి, కొత్త పిస్టన్ తెచ్చాడు. ఇంజిన్ అంతా జోడించి ఛాసిస్‌లో కూర్చోబెట్టాడు. చిల్లులు పూడ్చడానికిచ్చిన ట్యాంకు ఇంకా రాకపోవడంతో సీసాలో పెట్రోలు పోసి చెట్టుకొమ్మకు వేలాడదీసి, గొట్టం కార్బొరేటర్‌కు పెట్టి కిక్ కొట్టాడు. నాలుగైదు సార్లకు అంటుకుంది. పెరడంతా పొగ. అంతలో ఇంజిన్ లోపల గరగరమని చప్పుడై, టక్కున ఆగిపోయింది.

విప్పి చూస్తే పిస్టన్ రింగు విరిగి, కొత్త బోరు నిలువునా గీసుకుపోయింది. పిస్టన్ తలమీద బాణం గుర్తు ఉంటుంది. అది సైలెన్సర్ వైపు చూడాలి. లేకపోతే రింగు కొనలు పక్కనున్న రంధ్రాల్లో తగులుకుని విరుగుతాయి. అతను దాన్ని వెనక్కు తిప్పి వేశాడు. హుస్సేన్ సాహెబ్ షెడ్డులో పిల్లలకు మొట్టమొదట నేర్పేది అదే. ఉస్తాద్ ఇప్పుడు లేడు. ఉండి ఉంటే తిట్టేవాడు. తిట్టేవాళ్లు కూడా లేకపోవడం ఆ క్షణాన రబ్బానీకి మరీ కష్టంగా అనిపించింది. చేతులు నూనెతో ఉండగానే నేలమీద కూలబడ్డాడు.

చప్పుడు విని నబీసా వచ్చింది. బట్టలుతికే బండమీద కూర్చుంది. సంగతంతా విని, "మళ్లీ చేయించుకోరాదా?" అంది.

"ఎవురికోసరం చేయించల్ల? ఈ ఇంట్లో నాతో ఎవురన్నా మాట్లాడతాండారా? నేనుండానో లేదో కూడా మీకు పట్టలే."

నబీసా కొంగుకు అంటిన దారం పోగులు ఒక్కొక్కటే ఏరి పారేసింది.

"నువ్వు ఫోన్ చేస్తే ఏమడుగుతాంటివి? బాగుండారా, తిన్నారా. నేనూ అదే అడుగుతాంటి. ఇంత దూరంనించి కష్టాలు చెప్పుకుంటే నీకు నిద్ర పట్టదని చెప్పేదాన్ని గాదు. పాపకు జెరమొచ్చి ఆస్పత్రిలో పెట్టినప్పుడు గూడా బాగుండామనే చెప్పినా. పద్దెనిమిదేండ్లు ఆ రెండు మాటల్తోనే గడిపినాం. ఇప్పుడు మాట్లాడమంటే యాడనించి తేవల్ల?"

రబ్బానీ పాపను ఆస్పత్రిలో పెట్టిన సంగతి వినడం అదే మొదలు. ఎప్పుడని అడగబోయాడు. లోపల్నించి ఎవరో "అక్కా" అని పిలిచారు. ఆమె లేచి వెళ్లింది.

మూడు రోజులు బండి ముట్టుకోలేదు. తర్వాత సిలిండర్‌ను గుడ్డలో చుట్టుకుని మళ్లీ కడప బస్సెక్కాడు. ఈసారి బోరు ఇంకాస్త పెద్దది చేసి, దానికి సరిపోయే పిస్టన్ వేయించాల్సి వచ్చింది. ఇంటికొచ్చి బాణం ఎటుందో చూసుకున్నాడు. ఒకసారి చూసి, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ చూశాడు.

వేసవి మొదలయ్యేటప్పటికి బండి తయారైంది. నీలం రంగు ట్యాంకు, రెండు వైపులా మెరిసే సైలెన్సర్లు. సందులో పెట్టి కిక్ కొడితే రెండోసారికే అంటుకుని, డుగడుగమని నిలకడగా నడిచింది. కుట్టుపనివాళ్లు సందు మొదట్లోకి వచ్చి చూశారు. నబీసా కూడా వచ్చింది. "బాగుండాది," అంది. వాళ్లు లోపలికి వెళ్లాక మిషన్ల చప్పుడు మళ్లీ మొదలైంది.

అతను ఒక్కడే పాపఘ్ని ఏటి దాకా వెళ్లాడు. ఏట్లో నీళ్లు లేవు, ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఏసేపుకు ఫోన్ చేసి ఇంజిన్ చప్పుడు వినిపించాడు.

"బలే ఉండాది రబ్బానీ! ఇంగొకసారి రైజ్ చెయ్," అని అరిచాడు ఏసేపు. ఇంకోసారి చేశాడు. "డ్యూటీకి పోవల్లప్పా, మళ్లా చేస్తా," అని ఏసేపు పెట్టేశాడు. రబ్బానీ ఇంజిన్ ఆపాడు. నడిచి వేడెక్కిన సైలెన్సర్లు చల్లారుతూ చిటుకు చిటుకుమనడం తప్ప వేరే చప్పుడు లేదు. 

కొన్నాళ్లకు నబీసాకు కడపలో లైనింగు గుడ్డలు తేవాల్సిన పని పడింది. ఆరోజు బస్సులు సరిగా లేవు. "నీ బండి అంతదూరం పోతాదా?" అని అడిగింది. పోతుందన్నాడు. ఇద్దరి మధ్యన సంచీ పెట్టుకుని కూర్చుంది. దారిపొడవునా ఫోనులో పని పురమాయిస్తూనే ఉంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు అతని భుజం పట్టుకునేది, దాటగానే చెయ్యి తీసేసేది.

తిరిగొచ్చేటప్పుడు నందిమండలం దగ్గర చెరుకురసం బండి కనిపిస్తే ఆపమంది. చెరో గ్లాసు పట్టుకుని కానుగచెట్టు కింద నిలబడ్డారు. ఉన్నట్టుండి నబీసా అడిగింది.

"ఆ ముసలాయన నిన్నేమని పిలుస్తాండె?"

రబ్బానీ ఆశ్చర్యంగా చూశాడు. "మొదట్లో 'హిందీ' అని, అంటే ఇండియావోడా అని, పిలుస్తాండె. పేరు గూడా లేదు. కడాకు, కండ్లు కనపడకుండా పోయినంక, 'యా వలదీ' అంటాండె."

"అంటే?"

"నా కొడకా అని."

నబీసాకు రసం పొరబోయింది. కొంగు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పద్దెనిమిదేండ్లు అంత దూరం పోయి 'నా కొడకా' అనిపించుకోనొస్తివా!"

"అట్ల గాదు. వాళ్లకు అది మంచి మాట," అంటూ అతనూ నవ్వాడు. ముసలాయన చివరి రోజుల గురించి ఇంకా చెప్పబోయాడు. ఆమె ఫోను మోగింది. పెళ్లివాళ్లు. మాట్లాడుతూనే బండి దగ్గరికి నడిచింది.

ఇప్పుడు రబ్బానీ పొద్దునా సాయంత్రం ఒక ప్రైవేటు బడి వ్యాను తోలుతున్నాడు. మధ్యాహ్నాలు పెరట్లోనే గడుస్తాయి. నబీసా ఆ తర్వాత యెజ్డీ ఎక్కింది చాలా తక్కువ. మోకాళ్ల నొప్పులంటుంది. అది నిజమే. శుక్రవారం నమాజు అయ్యాక అతను ఒక్కడే ఏటివైపు వెళ్లొస్తాడు. మొదట్లో ఎవరికీ చెప్పకుండా సందులోంచి బండి తోసుకుంటూ వెళ్లిపోయేవాడు. ఈమధ్య సందులోనే కిక్ కొడుతున్నాడు. ఆ చప్పుడు వినగానే మిషను ఆపి, కిటికీలోంచి నబీసా, "యాడికి?" అని అడుగుతోంది.

"ఊరికే, ఏటి దంకా," అంటాడు.