మేము నమ్మని డాక్టరమ్మ

ఆమె చనిపోయారన్న వార్త నాకు మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లూ అబద్ధం. యూట్యూబులో ఎవరో ఆమె పాత సినిమా ఫోటోకు దండ వేసి, ఒకప్పటి నటి ఇక లేరని ఎర్ర అక్షరాల్లో రాశారు. మొదటిసారి నేను నమ్మేసి ఫోన్ చేస్తే ఆమే ఎత్తారు. "బతికే ఉండానప్పా. చేతిలో సూది ఉండాది, మళ్ళీ మాట్లాడతా" అన్నారు. రెండోసారి నా నంబరు చూడగానే, "ఏమప్పా, మళ్ళా చచ్చిపోయినానా?" అని నవ్వారు.

మూడోసారి మూడు వారాల కిందట వచ్చింది. అదే ఫోటో, అదే దండ. నేను నమ్మలేదు. కల్లూరులో మా కొత్త ఇంటి ముందు నాటిన కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసి, టిఫిన్ తిని, ఆ నవ్వు ఇంకోసారి విందామని తీరికగా ఫోన్ చేశాను. ఆమె తమ్ముడు ఎత్తాడు. "నిజమే సార్" అన్నాడు. అప్పుడు కూడా నేను "మీరెవరు? నిజంగా తమ్ముడేనా?" అని అడిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె విషయంలో నమ్మకపోవడం నాకు అంతగా అలవాటైపోయింది.

నేను కోసిగి వైపు ఒక ఊళ్ళో గొడ్ల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. ఆమె అక్కడ తొమ్మిదేళ్ళు డాక్టరు. అంతకు ముందు ఆరేళ్ళు సినిమా నటి. తెలుగులో హీరోకు చెల్లెలు, రెండో హీరోయిను. తమిళంలో ఒక్కసారి అసలు హీరోయిను. సినిమాల్లో ఆమెకున్న పేరు మాత్రం ఇక్కడ రాయను. "అది నా పేరు కాదప్పా, ప్రొడ్యూసరు పెట్టింది. ఆయనకే వాపసు ఇచ్చేసినా" అనేవారు.

ఆమె చేరిన రోజు బాగా గుర్తుంది. బస్సు దిగి, ఎండకు చున్నీ మొహానికి చుట్టుకొని, ఒక సంచీ పట్టుకొని ఆసుపత్రి లోపలికి వచ్చారు. మేకల లోను కోసం వచ్చిన మనిషి అనుకున్నాను. చున్నీ తీసి ఆర్డరు కాగితం చేతికిచ్చారు. కాగితం చూశాను, మొహం చూశాను. తర్వాత రోడ్డు మీదికి వెళ్ళి, కెమెరాల బండి ఎక్కడైనా ఆగిందేమోనని రెండు వైపులా చూసి వచ్చాను.

"షూటింగ్ యాడ మేడం?"

"ఈడే. రోజూ పొద్దున ఎనిమిదికి మొదలు" అన్నారు ఆమె, టేబులు మీద దుమ్ము తుడుస్తూ.

వారం తిరిగేసరికి ఊళ్ళో రెండు పార్టీలు తయారయ్యాయి. ఈమె సినిమా ఆమే, కానీ డాక్టరు కాదు, చదువు కొనుక్కొని ఉంటుందని ఒక పార్టీ. డాక్టరే, కానీ ఆ సినిమా ఆమె కాదు, పోలికలున్న ఎవరో అని ఇంకో పార్టీ. రెండో పార్టీ వాళ్ళకు సాక్ష్యం ఆమె గొంతు. "సినిమాలో ఆమె గొంతు తేనె కారినట్టుంటాది. ఈమె మాట్లాడితే కందులు ఇసిరినట్టుండాది" అని టీ అంగడి దగ్గర తీర్పులు చెప్పేవారు. ఒకరోజు నేనే ధైర్యం చేసి ఆమెను అడిగాను.

"సినిమాల్లో నా గొంతు ఒక్కసారి కూడా లేదప్పా. నేను నోరు ఆడిస్తే మద్రాసులో ఇంకో పిల్ల మాట్లాడేది. నాది కడప మాట కదా, పనికిరాదన్న్యారు."

ఆమె ఆ సినిమా నటి అని నేను నమ్మలేదు, డాక్టరని కూడా నమ్మలేదు. ఒకేరోజు రెండు పార్టీల్లోనూ కూర్చొని వచ్చేవాణ్ణి.

మా ఊరి గొర్రెలవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. మంద పెద్దది, మాట పెద్దది. ఆయన ఒక గొర్రెను భుజాన వేసుకొని వచ్చి ఆమె ముందు దించాడు. "మూడు దినాలాయ, మేత ముట్టలే" అన్నాడు మొహం దిగాలుగా పెట్టి. ఆ గొర్రెకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ఆమెకు పరీక్ష పెట్టాలని టీ అంగడిలో అనుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

ఆమె గొర్రె పొట్ట ఎడమ పక్కన పిడికిలి ఆనించి చాలాసేపు ఉంచారు. నోరు తెరిచి చూశారు. కంటి రెప్ప పైకి తీశారు. చివరికి లేచి చేతులు కడుక్కుంటూ, "పొట్ట నిండా ఉండాది పెద్దాయనా. జొన్న చొప్ప ఇంకా పండ్లలోనే ఉండాది. దీనికి జబ్బు లేదు. నీకేమన్నా ఉంటే మనుషుల ఆసుపత్రికి పో" అన్నారు.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "మళ్ళీసారి జబ్బు గొర్రెను తీసుకొస్తాలేమ్మా" అని ఆయన దాన్ని భుజానికెత్తుకొని వెళ్ళిపోయాడు. వెళుతూ నవ్వుకున్నాడు కూడా.

ఆ రోజు ఆమె నాతో అన్న మాట తర్వాత తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. "అనుమానం ఉంటే ఉండనీప్పా. సూది మాత్రం బాగా ఉడకబెట్టు."

ఫోటోల సంగతి చెప్పాలి. పక్క మండలాల నుంచి కూడా కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద సెల్ఫీ కోసం వచ్చేవారు. ఆమె తరమలేదు. ఒక నిబంధన పెట్టారు. ఫోటోలో గొర్రె ఉండాలి, ఆ గొర్రెకు ముందు టీకా పడాలి. మా ఊళ్ళో చిటుకు రోగం వస్తే పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి పడిపోతుంది. అయినా టీకాకు రమ్మంటే ఎవరూ వచ్చేవారు కాదు. సూది వేస్తే చూడి గొర్రెకు కడుపు పోతుందని భయం. ఈ నిబంధన పెట్టాక మందలకు మందలు తోలుకొచ్చారు. అత్తలు కోడళ్ళను, కోడళ్ళు మేకలను వెంటబెట్టుకొని వచ్చారు. నేను సూదులు ఉడకబెట్టలేక అలిసిపోయాను. అంత అలసటలోనూ నాకు తోచింది ఒకటే: ఈమె ఎలక్షన్లో నిలబడబోతోంది.

మాది అనుమానమైతే ఆమెది అంతకు మించి. ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, తిప్పి వెనకవైపు కూడా చూసిగానీ సంతకం చేసేవారు కాదు. గది తలుపు ఎప్పుడూ మూయనిచ్చేవారు కాదు. ఎవరైనా మరీ పొగిడితే కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకునేవారు. "పొగిడినోడు తర్వాత ఏమడుగుతాడో చూడల్ల" అనేవారు. ఆరేళ్ళు సినిమాల్లో ఏం చూశారో చెప్పలేదు. ఆ కుర్చీ జరగడమే నేను చూశాను.

నాలుగో ఏడు, సుగ్గికని కూలి పనులకు జనం వలస వెళ్ళిపోయి ఊరు సగం ఖాళీ అయిన రోజుల్లో, చెన్నై నంబరు కారు ఒకటి ఆసుపత్రి ముందు ఆగింది. ఇద్దరు దిగారు. గంటసేపు తమిళంలో మాట్లాడారు. ఒక స్వీటు డబ్బా పెట్టి వెళ్ళిపోయారు. ఆ మరుసటి రోజే ఆమె రెండు రోజులు సెలవు పెట్టారు. అంతే, నాకు లెక్క తేలిపోయింది. సర్కారు ఉద్యోగం చేస్తూనే దొంగతనంగా సినిమాలు చేస్తోంది. చదువు కూడా ఉత్తదే అయ్యుంటుంది.

పై అధికారులకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. చేతిరాత తెలియకుండా ఎడమచేత్తో రాశాను. మా ఊరి పోస్టు ముద్ర పడకూడదని ఆదోని వెళ్ళి డబ్బాలో వేశాను. ఇదంతా ఊరి మేలు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, గొర్రె పరీక్ష రోజు ఆమె ముందు నేను గోడ వైపు చూడాల్సి వచ్చింది. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

నెలన్నరకు విచారణకు ఒక అధికారి వచ్చాడు. సినిమాలో అయితే సరిగ్గా అప్పుడే ఈనలేని ఆవును ఎవరో తోలుకురావాలి, ఆమె దాన్ని బతికించాలి, అధికారి చేతులు జోడించాలి. ఆ రోజు ఏ ఆవూ రాలేదు. ఒక ముసలమ్మ మాత్రం కోడిని చంకలో పెట్టుకొని వచ్చి, కుర్చీలన్నీ నిండి ఉండటం చూసి వెనక్కి పోయింది. రెండు గంటలు ఆమె ప్లాస్టిక్ కవరులోంచి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తీసి ఇవ్వడం, ఆయన ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టడం. సినిమాలకు ముందు తిరుపతిలో చదివిన ఐదేళ్ళవీ ఉన్నాయి. సినిమాలు మానేశాక రాసిన ఉద్యోగం పరీక్షదీ ఉంది.

అన్నీ అయ్యాక ఆయన అసలు తెలుసుకోవాలనుకున్నది అడిగాడు. "సినిమాలు ఎందుకు మానేశారు?"

"ఆ ప్రశ్న అర్జీలో ఉందా సార్?"

ఆయన అర్జీ తిప్పి చూశాడు. "లేదు."

"అయితే రాసినాయన వచ్చి అడిగితే చెప్తాను."

నేను అక్కడే టీ గ్లాసులు పట్టుకొని ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. ఆమె చూడకపోవడమే నాకు అనుమానంగా ఉండింది.

అధికారి వెళ్ళిపోయాక జవాబు రాయడానికి అర్జీ నకలు ఆమె దగ్గర మిగిలింది. మరుసటి రోజు నేను రిజిస్టరు రాస్తుంటే వెనకనుంచి వచ్చి నిలబడ్డారు.

"వైద్యంలో ఒత్తు ధ రాదప్పా" అన్నారు. "రిజిస్టరులో కూడా అట్లే రాస్తాండావు."

కూడా అన్న మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆమె బయటికి వెళ్ళి, కట్టేసి ఉన్న బర్రె కాలు చూస్తూ, "ఏమప్పా, సూది ఉడికిందా?" అని కేక వేశారు. ఇచ్చాను. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఐదేళ్ళు నేను దెబ్బ కోసం ఎదురుచూశాను. ఆమె ఇంట్లో బొబ్బట్లలాంటి ఓళిగలు చేసి తెస్తే, నేను వాసన చూసిగానీ తినలేదు. బదిలీల లిస్టులో నా పేరు వచ్చి, నన్ను ఆ ఊళ్ళోనే ఉంచమని ఆమె రాస్తే, దగ్గర పెట్టుకొని తీరిగ్గా కక్ష తీర్చుకోవడానికే అనుకున్నాను. "ఆయమ్మ నిన్ను ఎప్పుడో మర్చిపోయింటాది. నీ తలకాయలోనే ఉండాది రోగం" అని నా భార్య తిట్టేది. ఆమె మర్చిపోలేదని నాకు తెలుసు. నేను రాసినప్పుడల్లా ఆ అక్షరం దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం ఆగేది.

ఆమెకు కడప బదిలీ అయిన రోజు బస్సు దాకా సంచులు మోశాను. బస్సు ఇంకా రాలేదు. ఇప్పుడు అడగకపోతే ఇక లేదనిపించింది.

"రాసినాయన వచ్చినాడు మేడం."

ఆమె నవ్వలేదు. "శానా నిదానంగా వచ్చినావప్పా" అన్నారు.

"నన్ను ఎందుకు పట్టివ్వలేదు?"

"సినిమాల్లో అందరూ నన్ను నమ్మినామన్న్యారు. ఒక్కడూ చెప్పిన టయానికి చెప్పిన పని చేయలే. నువ్వు తొమ్మిదేండ్లు అనుమానపడతానే సూది ఉడకబెట్టి చేతికిచ్చినావు. ఒక్కదినం తప్పలే. నిన్ను పంపించి, నమ్మేవాణ్ణి ఒకణ్ణి తెచ్చుకొని ఏం చేసుకోవల్ల?"

చెన్నై కారు గురించి అడిగాను. హీరోకు తల్లి వేషం వేయమని వచ్చారట. "ఆ హీరో నాకంటే రెండేండ్లు పెద్దోడప్పా" అన్నారు. సెలవు వాళ్ళమ్మ ఏడాది కర్మకు.

మరి సినిమాలు ఎందుకు మానేశారు? ఒక పాటలో తెల్ల దూడను ఆమె పక్కన నిలబెట్టారట. మూడు రోజులు ఎండలో, లైట్ల వేడిలో. దూడకు కడుపు ఉబ్బుతోందని, నీడకు తీసుకుపోమని ఈమె చెప్పారు. నువ్వు నవ్వితే చాలన్నారు. మూడో రోజు సాయంత్రం దూడ చచ్చిపోయింది. నాలుగో రోజు పొద్దున ఇంకో తెల్ల దూడ వచ్చింది. పాత దూడ మెడలో రిబ్బను విప్పి దీనికి కట్టారు. "తెర మీద చూస్తే రెండు దూడలని ఎవరికీ తెలీదు. నా బదులూ అట్లే ఇంకొకతెను తెస్తారని అప్పుడు తెలిసింది."

నేను తల ఊపాను.

"నమ్మినావా?"

"నమ్మినాను మేడం."

"అబద్ధం. నీ మొహం చూస్తే తెలుస్తాంది" అని, వచ్చిన బస్సు ఎక్కేశారు.

అబద్ధమే. అంత చదువు, అంత రూపం ఉన్న మనిషి ఒక దూడ కోసం అంతా వదులుకుంటుందా అని ఆ రోజూ అనుకున్నాను. ఇప్పటికీ సగమే నమ్ముతాను. ఇంకేదో ఉండి ఉంటుంది. అది చెప్పడానికి నేను సరైన మనిషిని కానని ఆమెకు తెలిసి ఉంటుంది. ఆమెను తీసుకుపోయిన జబ్బు సంగతి కూడా నాకు చెప్పలేదు. తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదట.

వార్త తెలిసిన రోజు గొర్రెల పెద్దాయనకు ఫోన్ చేశాను. "నీ మాట ఎట్ల నమ్మేది?" అన్నాడు. అయినా మరుసటి రోజు పొద్దునకు ఒక వ్యానులో పద్నాలుగు మంది కడప వచ్చారు. ముందే చేరిన నేను ఆమె వీధి మొదట్లో నిలబడి చూస్తుండగానే ఇల్లు దాటి ముందుకు వెళ్ళిపోయారు. ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీలో ఇరవై ఏళ్ళ నాటి సినిమా ఫోటో ఉంది. ఎవరో సినిమావాళ్ళు పంపించారట. పిలిచి వెనక్కి తీసుకొచ్చాను.

"ఇది సినిమా ఆమె ఇల్లు కదప్పా. మన డాక్టరమ్మది యాడ?" అన్నాడు పెద్దాయన.

ఒక టీవీ కుర్రాడు మైకు తెచ్చి ఆయన మూతి దగ్గర పెట్టాడు. "మీరు ఆమె అభిమానులా?"

"కాదు. గొర్లోళ్ళం."

లోపల ఆమెను అద్దాల ఐసు పెట్టెలో ఉంచారు. బయట ఎండ మండిపోతోంది. అద్దం మీద నీటి చుక్కలు పట్టి మొహం సరిగా కనబడటం లేదు. పెద్దాయన అద్దానికి అరచెయ్యి ఆనించి, గబుక్కున తీసి చూసుకున్నాడు. తర్వాత ఆమె తమ్ముడి వైపు తిరిగాడు.

"లోపల శానా చలిగా ఉండాదప్పా" అన్నాడు.

పెద్దాయన భుజం మీది నల్ల కంబళి తీసి రెండుసార్లు దులిపి, కాళ్ళవైపు మొదలుపెట్టి పెట్టె మీద పరిచాడు. అంచులు సర్ది, మొహం దగ్గర ఒక జానెడు మడిచి వదిలాడు.