గౌసియా పంపిన సవరణ

సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో గౌసియా కంప్యూటర్ టీచరు. అదే బళ్ళో సోషల్ చెప్పే ఆనంద్ బాబు మాస్టారికి నడివయసులో చూపు పోయింది. తెర మీది తెలుగును చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో జీతం లేకుండా కలిసి రాసేది, ఎవరైనా సరిదిద్దగలిగేది. దాన్ని ఆయన ల్యాప్‌టాప్‌లో పెట్టి, వాడటం నేర్పింది గౌసియానే. ఇయర్‌ఫోన్‌లో నోట్సు వింటూ ఆయన మునుపటిలాగే పాఠం చెప్పేవారు.

జూలైలో కొత్త వెర్షన్ వచ్చాక అది ‘క్ష’ ఉన్న ప్రతి మాటనూ మింగేయసాగింది. విన్నది విన్నట్టే పలికే అలవాటులో మాస్టారు ఒకరోజు పదో తరగతిలో, “సాగర్ కుడి కాలువ కింద పదకొండు ఎకరాలు సాగవుతాయి” అన్నారు. లక్షలు ఎగిరిపోయాయి.

“మా నాన్న కౌలుకు చేసేదే అంతకంటే ఎక్కువ సార్!” అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆ వారమే గౌసియా తప్పెక్కడుందో పట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సైట్లో టికెట్, అంటే ఫిర్యాదు పేజీ, తెరిచి సమస్య రాసింది, సరిచేసిన కోడ్ పంపింది. కోడ్‌ను పరిశీలించే వేణుమాధవ్ రెండు రోజుల్లో చూసి, సవరణ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు కోడ్ ఒకటి రాయమన్నాడు. ఆ సాయంత్రమే రాసి పంపింది. ఇక జవాబు లేదు.

తన సవరణను మాస్టారి ల్యాప్‌టాప్‌లో పెట్టింది కానీ, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది చెరిగిపోయేది. ఏ రోజు దాన్ని నమ్మాలో ఆయనకు తెలిసేది కాదు.

“ఏందమ్మా, నీ కోడ్ సంగతి?”

“చూస్తన్నారు సార్.”

మళ్ళీ అడిగితే పెద్ద ఇంజనీర్లు విసుక్కుంటారేమోనని ఆమె భయం. డిసెంబరులో, పాఠాల్లో తప్పులు దొర్లుతున్నాయని పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. కరస్పాండెంట్ మాస్టారిని పదో తరగతి నుంచి తప్పించి లైబ్రరీకి మార్చాడు. అప్పుడు తెగించి రాసింది.

వేణుమాధవ్ జవాబు గంటలో వచ్చింది: “మీ టికెట్ మీద ఇంకా ‘మార్పులు కావాలి’ అనే ఉంది. మీరే దాన్ని ‘పరిశీలనకు సిద్ధం’ అని మార్చాలి. లేకపోతే పరిశీలించాల్సిన వాటి జాబితాలో అది మాకు కనిపించదు. వదిలేశారనుకున్నాం.”

ఆమె ప్రాజెక్టు నియమాలన్నీ చదివింది. ఆ ముక్క ఎక్కడా లేదు. టికెట్ మార్చిన మర్నాడే సవరణ సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయింది.

లైబ్రరీకి వెళ్ళి, “తప్పు నాదే సార్. ఒక్క మాట అడగాల్సింది” అంది.

“నీకు ముందే ఎవరన్నా చెప్పారా?”

“ఎవరూ చెప్పలా.”

“మరి నీ తప్పేంది?” అన్నారాయన. ఇయర్‌ఫోన్ వైరు చుట్టుకుంటూ, “చానా బాగా చదివే బ్యాచ్ అది” అన్నారు.

గౌసియా కూర్చుని, టికెట్ ఏ దశలో ఉంటే ఎవరు ఏం చేయాలో వివరిస్తూ ఒక పేజీ రాసి పంపింది. ఇవి అందరికీ తెలిసినవే కదా అన్నాడు వేణుమాధవ్.

“నాకు తెలియలేదు. దానివల్ల ఒక మాస్టారి క్లాసు పోయింది” అని రాసింది.

మూడు వారాల తర్వాత ఆ పేజీ నియమాల్లో చేరింది. అది తెలిసిన రోజే, మాస్టారికి పదో తరగతి తిరిగి ఇమ్మని అడగటానికి ఆమె కరస్పాండెంట్ గదికి వెళ్ళింది.

“పరీక్షల ముందు టీచర్ని మార్చటం కుదరదమ్మా. వచ్చే ఏడు చూద్దాం” అన్నాడాయన.

ఆ మాట మాస్టారికి ఎలా చెప్పాలో తోచక, ఆ రోజు ఆమె లైబ్రరీ వైపు వెళ్ళలేదు.