బావ తీసుకోని బంటు

మొన్న శుక్రవారం దోహా పక్కన ముఐథర్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక, మనవరాలు ఫోనులో చదరంగం ఆడుతుంటే పక్కన చేరి, వయసులో ఉన్నప్పుడు నేను సొంతంగా తయారుచేసుకున్న దాడి ఒకటి గొప్పగా చూపించాను. నేను ఎరగా ఇచ్చిన బంటును మా బావ తీసుకోలేదని, భయస్తుడని కూడా చెప్పాను. ఆ ఫోను రెండు క్షణాలైనా ఆలోచించకుండా, దాన్ని తీసుకోకపోవడమే మంచిదని తేల్చేసింది. "పెద్దతాత కరెక్టే ఆడిండు తాతా," అని మనవరాలు ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ తరవాత కూడా మా బావదే పైచేయి కావాలా!

బావ అంటే మా పెద్దక్క భర్త. దోహా బయట మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా ఉండి, నన్ను కూడా పిలిపించి స్టోర్సులో పెట్టించిన మనిషి. కంపెనీ క్వార్టర్లలో పక్కపక్క గదులు మావి. శుక్రవారం పొద్దున్నే ఆయన మటన్ వండేవాడు, తిని గిన్నెలు కడిగాక బల్ల మీద చదరంగం పరిచేవాడు. మొదటి ఎత్తు ఎప్పుడూ నాకే వదిలేసేవాడు. ఆ తరవాత ఆయన చేసేది చూస్తే దేవుడికైనా విసుగు పుట్టాల్సిందే. శకటు ముందున్న బంటును ఒక్క గడి, ఒక్కటంటే ఒక్క గడి జరిపేవాడు. దానికి అండగా ఇంకో బంటు, ఆ బంటుకు అండగా గుర్రం. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు గోడ కట్టుకుని, దాని వెనక రాజును దాచి, తీరిగ్గా చాయ్ తాగేవాడు. మీద పడడు, మనల్ని పడనివ్వడు.

నా బాధ ఆటొక్కటే కాదు. నాలుగింటికి కంపెనీ బస్సు దోహా వెళ్ళేది. అక్కడ ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో నా ఈడు వాళ్ళ గది ఒకటుండేది, వారమంతా నేను ఎదురుచూసేది ఆ సాయంత్రం కోసమే. ఆట సగంలో లేవకూడదన్నది బావ పెట్టిన నియమం. ఓడిపోయి లేవొచ్చు కదా అంటారేమో, ఎవరు గెలిచారో గంటలో మెస్సంతా తెలిసిపోయే చోట, మీరైతే లేచేవారా? అలా ఎన్ని శుక్రవారాలు కిటికీలోంచి బస్సు తోక చూస్తూ కూర్చున్నానో లెక్కలేదు.

చివరికి పంతం పట్టాను. ఇరవై ఎత్తుల్లో ఆ గోడ కూలాలి, నేను బస్సెక్కాలి. స్టోర్సులో పని లేనప్పుడల్లా అట్టపెట్టె మీద గళ్ళు గీసి, నట్లు బంట్లుగా, పొడుగు బోల్టు మంత్రిగా పెట్టుకుని మూడు నెలలు కుస్తీపట్టాను. నాలుగో ఎత్తులో ఒక బంటును ఉత్తపుణ్యానికి ఇచ్చేయడం, ఆయన దాన్ని తీసుకునేలోపు నా శకట్లు, గుర్రాలు, మంత్రి ఒక్కసారిగా రాజు మీదికి దూకడం, ఇదీ నా పథకం. ఆయన ఎలా ఆడితే నేనెలా ఆడాలో అన్నీ కంఠతా పట్టాను. ఎదురుగా పుణ్యానికి వచ్చిన బంటును మనిషన్నవాడు తీసుకోకుండా ఉంటాడన్న ఆలోచన మాత్రం నా మొద్దు బుర్రకు తట్టనే లేదు.

ఆ శుక్రవారం బంటును ఇచ్చాను. బావ దానివంక చూశాడు, నావంక చూశాడు, చాయ్ ఒక గుటక వేశాడు. ఆ పక్క బంటును ఒక్క గడి జరిపాడు. మూడు నెలల చాకిరీ గంగలో కలిసింది. ఆట జిగురులా సాగి సాగి, బయట బస్సు హారన్ కొట్టేసరికి నాకు పిచ్చి కోపం వచ్చింది. "నీతోని ఆడుడంటే గోడకు తలకాయ కొట్టుకునుడే బావా!" అని బల్ల మీదవన్నీ ఒక్క ఊపున కింద పడదోసి, బస్సుకు పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కింద కూర్చుని బంట్లు ఏరుకుంటున్నాడు.

తరవాతి వారం మటన్ వండాడు, వడ్డించాడు, చదరంగం తీయలేదు. తీయమని నేనూ అడగలేదు. రెండు నెలలకు ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

మొన్న మనవరాలు నవ్విన ఉక్రోషంలోనే జగిత్యాలలో ఉన్న బావకు ఫోన్ కలిపాను. నా ఎత్తులో కిటుకు అప్పుడే ఎలా కనిపెట్టావు, నిజం చెప్పమని నిలదీశాను. ఆయన కాసేపు దగ్గి, తీరిగ్గా చెప్పాడు.

"కిటుకు లేదు, గిటుకు లేదురా బామ్మర్ది. తీసుకుంటే ఆట జల్ది అయిపోతదని తీసుకోలె. ఆట అయిపోతే నువ్వు బస్సెక్కి పోతవ్. పొద్దూకేదాంక ఆ రూముల నేనొక్కన్ని ఏం చెయ్యాలె?"

ఇంత చిన్న ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా, ఈ మనిషి! చెప్పినా ఆ వయసులో నేను వినేవాణ్ణా అంటే, అదీ అనుమానమే. ఇప్పుడు క్వార్టర్లలో కుర్రాళ్ళు ఫోనులో ఊరూపేరూ తెలియనివాడితో మూడు నిమిషాల్లో ఆట ముగించి, అవతలివాడి ముఖం చూడకుండానే ఇంకొకటి మొదలుపెడుతున్నారు. ఆట సాగదీస్తే నాలుగు గంటలు తోడుంటుందని ఆశపడడానికి ఎదురుగా మనిషే లేడు. ఆరోజు బస్సు దిగాక దోహా గదిలో ఎవరితో ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు. బావ జరిపిన బంట్లన్నీ వరసగా చెప్పగలను.